చిన్న టెలిస్కోపుకు డిజిటల్ కెమెరా: చంద్రుణ్ణి మనమే కొలుద్దాం



టెలిస్కోపుతో ఒక చిక్కు ఉంది. దానిలో ఒకసారికి ఒక్కరే చూడగలరు. వంద మంది ఉన్న హాస్టల్లో మనిషికి ఒక్క నిమిషం ఇచ్చినా గంటా నలభై నిమిషాలు పడుతుంది. ఈలోపు భూమి తిరుగుతూనే ఉంటుంది. ఆకాశం గంటకు 15 డిగ్రీలు కదిలినట్లు కనిపిస్తుంది. అందుచేత కొన్ని నిమిషాలకొకసారి చంద్రుడు టెలిస్కోపులోంచి తప్పిపోతాడు. పైగా ముందువాడు చూసినదే వెనకవాడు చూశాడా అన్నది తెలియదు. కెమెరా తగిలిస్తే ఈ రెండు ఇబ్బందులూ తీరతాయి. ఒక్క ఫోటోను అందరూ చూడవచ్చు. మరునాడు స్కేలు పెట్టి కొలవవచ్చు కూడా.

మనవాళ్లు చేసిన పని

ఆకాశమంతటినీ ఫోటోలు తీయాలని 1887లో పారిస్ సమావేశంలో నిర్ణయించి, ఆ పనిని వివిధ దేశాల వేధశాలలకు పంచారు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాదులో స్థాపించిన నిజామియా వేధశాల కూడా తరువాత అందులో వాటా తీసుకుంది. గాజు పలకల మీద ఫోటోలు తీసి, నక్షత్రాల స్థానాలు కొలిచి, పట్టికలుగా అచ్చువేసింది. ఆ వేధశాలలో పనిచేసిన వారి కుమారుడే వేణు బాపు. ఆయన 1949లో అమెరికాలోని హార్వర్డులో చదువుతూ, ఒక ఫోటో పలక మీద కొత్త తోకచుక్కను గుర్తించారు. మన కుప్పం దాటితే తమిళనాడులో వాణియంబాడి వస్తుంది. అక్కడి జవాది కొండల్లో ఉన్న కావలూరు వేధశాలకు, అందులోని 2.34 మీటర్ల టెలిస్కోపుకు 1986లో ఆయన పేరే పెట్టారు. ఫోటో తీయడం, కొలవడం వారు చేసిన పని. మనదీ అదే పని, సాధనం మాత్రం చిన్నది.

రెండు పద్ధతులు

ఉదాహరణకు 70 మి.మీ. వ్యాసం, 700 మి.మీ. నాభ్యంతరం గల టెలిస్కోపు తీసుకుందాం. దానికి 25 మి.మీ. ఐపీస్ పెడితే 700ను 25తో భాగించగా 28 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది.

లెన్సు ఊడదీయగల పెద్ద కెమెరా ఉంటే దాని లెన్సు, టెలిస్కోపు ఐపీస్ రెండూ తీసివేసి, టీ-రింగు అనే బిళ్లతో కెమెరాను నేరుగా బిగించాలి. అప్పుడు టెలిస్కోపే లెన్సు. ప్రతిబింబం ఎంత ఉంటుందో లెక్క కట్టవచ్చు. చంద్రుని దూరం 3,84,400 కి.మీ., వ్యాసం 3,474 కి.మీ. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సుమారు 110. కాబట్టి 700 మి.మీ.ను 110తో భాగించండి. కెమెరాలో చంద్రుడు సుమారు 6.3 మి.మీ. ఉంటాడు. ఇది పదో తరగతి సరూప త్రిభుజాల పాఠమే.

లెన్సు ఊడని చిన్న డిజిటల్ కెమెరాకు పద్ధతి వేరు. ఐపీస్ ఉంచి, మన కన్ను పెట్టే చోట కెమెరా పెట్టాలి. సెల్‌ఫోనుకూ ఇదే పద్ధతి.

చేసే విధానం

1. కెమెరా అడుగున ఉన్న మరలో పావు అంగుళం బోల్టు పడుతుంది. వడ్రంగి చేత ఎల్ ఆకారంలో చిన్న చెక్క చేయించి కెమెరాను దానికి బిగించి, చెక్కను ఐపీస్ గొట్టానికి కట్టాలి. ఆన్ చేసినప్పుడు కెమెరా లెన్సు ముందుకు వస్తుంది. అది ఐపీస్‌కు తగలకుండా కొద్ది మిల్లీమీటర్ల ఎడం ఉంచాలి.
2. ముందు కంటితో చూసి టెలిస్కోపును ఫోకస్ చేయాలి. అద్దాలు వాడేవారు వాటితోనే చూడాలి. కెమెరాలో కొండ గుర్తు, అంటే దూరపు ఫోకస్, ఎంచుకోవాలి.
3. బొమ్మ చుట్టూ నల్లని వలయం కనిపిస్తే కొద్దిగా జూమ్ చేయాలి.
4. ఫ్లాష్ ఆపాలి. వేలితో నొక్కితే టెలిస్కోపు అదురుతుంది కనుక సెల్ఫ్ టైమర్ పెట్టాలి.
5. చంద్రుడంటే ఎండలో ఉన్న రాయి. కెమెరా చుట్టూ ఉన్న చీకటిని చూసి మోసపోయి, చంద్రుణ్ణి తెల్లని బిళ్లలా చేస్తుంది. ఐఎస్‌ఓ 100 పెట్టి, షట్టర్ సమయం సెకనులో 30, 60, 125వ వంతులకు మారుస్తూ తీసి, బాగున్నది ఉంచుకోవాలి.

హెచ్చరిక: పగలు సూర్యుని వైపు టెలిస్కోపు తిప్పరాదు. ఒక్క క్షణంలో చూపు పోతుంది, కెమెరా కాలిపోతుంది. సూర్యుణ్ణి చూడాలంటే టెలిస్కోపు ముందు భాగానికి అందుకోసమే తయారైన ఫిల్టరు ఉండాలి, పక్కన తెలిసిన ఉపాధ్యాయులు ఉండాలి. ఎక్స్‌రే ఫిల్ము, నల్ల కళ్లద్దాలు పనికిరావు.

ఎప్పుడు తీయాలి, ఎలా కొలవాలి

పౌర్ణమినాడు వెలుగు నేరుగా పడి నీడలు కనిపించవు. శుక్లపక్షంలో సప్తమి నుండి ఏకాదశి వరకు మంచి రోజులు. వెలుగు చీకట్లు కలిసే గీత దగ్గర బిలాల అంచులు స్పష్టంగా తేలుతాయి. దశమి, ఏకాదశి నాటికి కోపర్నికస్ అనే బిలం కనిపిస్తుంది.

ఫోటోను ప్రింటు తీయించి, చంద్రుని పై కొన నుండి కింది కొన వరకు కొలవండి. అది 100 మి.మీ. ఉంటే, 3,474ను 100తో భాగించగా ఒక మిల్లీమీటరుకు సుమారు 35 కి.మీ. కోపర్నికస్ 2.7 మి.మీ. వచ్చిందనుకోండి, దాని వ్యాసం దాదాపు 94 కి.మీ. శాస్త్రజ్ఞులు చెప్పే కొలత 93 కి.మీ. మదనపల్లె నుండి కుప్పానికి నేరుగా గీత గీస్తే సుమారు 90 కి.మీ. అంటే మన పుంగనూరు, పలమనేరు కూడా ఆ ఒక్క గొయ్యిలో ఇమిడిపోతాయి! ఈ మాట పుస్తకంలో చదవడం వేరు, మన స్కేలుతో తేలడం వేరు.

మిత్రులారా! ప్రతి ఫోటో వెనుక తేదీ, సమయం, షట్టర్ సమయం, తీసినవారి పేరు రాసి ఒక పుస్తకంలో అంటించండి. వచ్చే ఏడాది పిల్లలు మీ కొలతను సరిచూస్తారు. పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీ ఇంటి బీరువాలో వాడకుండా పడి ఉన్న పాత డిజిటల్ కెమెరా ఉంటే హాస్టలుకు ఇవ్వండి. అది ఒక బ్యాచ్ మొత్తానికి కన్ను అవుతుంది.