ఏడోసారి అందిన శిఖరం



ఎవరెస్ట్ గురించి చెబుతుంటే మా క్లాసులో ఒక బాబు అడిగాడు: "మధ్యలో వెనక్కి వచ్చేస్తే ఫెయిల్ అయినట్టే కదా మిస్?"

టెన్జింగ్ నార్గే కథ చెప్పాను. 1935లో ఆయన బరువులు మోసే కూలీగా తొలి ఎవరెస్ట్ యాత్రకు వెళ్లారు. 1952లో రేమండ్ లాంబర్ట్‌తో కలిసి సుమారు 8,600 మీటర్ల దాకా ఎక్కారు. ఇంకో 250 మీటర్లే ఉందనగా, ఇక శక్తి చాలక దిగి వచ్చేశారు. మరుసటి ఏడాది మే 29న ఎడ్మండ్ హిల్లరీతో శిఖరం చేరారు. అది ఆయన ఏడో యాత్ర. లాంబర్ట్ ఇచ్చిన ఎర్ర స్కార్ఫ్ అప్పుడు ఆయన మెడలోనే ఉంది.

దిగి రావడం వెనక సైన్స్ కూడా ఉంది. శిఖరం మీద గాలి పీడనం సముద్ర మట్టం దగ్గర ఉన్నదానిలో మూడో వంతే. అందుకే పర్వతారోహకులు పగలు పైకి ఎక్కి, నిద్రకు కింది క్యాంపుకు దిగుతారు. ఇలా వారాల తరబడి చేస్తే రక్తంలో ఎర్రకణాలు పెరిగి, శరీరం ఆ ఎత్తుకు అలవాటు పడుతుంది.

నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె శిక్షణ పొందిన డార్జిలింగ్ సంస్థలో ఒకప్పుడు శిక్షణ ఇచ్చింది టెన్జింగే.

ఈసారి ప్రోగ్రెస్ కార్డులో మార్కులు తగ్గితే, కోప్పడే ముందు ఒక్క మాట అడగండి: "ఎక్కడి దాకా అర్థమైంది నాన్నా?" మళ్లీ ఎక్కడం అక్కడి నుంచే మొదలవుతుంది.