వణికింది అన్న చెయ్యి కాదు

మా కాట్టుపల్లిలో ఓడలు కట్టే యార్డు ఉంది కదా, అలాంటి చోట పని దొరకాలని మా అన్న వెల్డింగ్ నేర్చుకుంటున్నాడు. చేతి నిలకడ కోసం ఇంట్లోనే సాధన చెయ్యవచ్చని స్నేహితుడి దగ్గర ఒక వీఆర్ హెడ్‌సెట్ పది రోజులకి అడిగి తెచ్చాడు. మొదటి సాయంత్రమే నీరుగారిపోయాడు. లోపలి బొమ్మలో కుడిచెయ్యి ఉన్నట్టుండి జానెడు పక్కకి ఎగురుతోంది, గీత వంకర పోతోంది. “నా చేతిలోనే నిలకడ లేదు పాపా, ఈ పని నాకు రాదేమో” అన్నాడు. ఆ మాట విన్నాకే నేను ఆ పెట్టె సంగతి పట్టించుకున్నాను.

ముందు అది పనిచేసే తీరు. హెడ్‌సెట్‌కి బయటివైపు చిన్న కెమెరాలుంటాయి. క్వెస్ట్ 2 రకంలో నాలుగు. గదిలోని మూలలు, తలుపు అంచులు, పటాలు గుర్తు పెట్టుకుని, మన తల ఎటు జరిగిందో అవి లెక్క కడతాయి. లోపల కదలికను కొలిచే సెన్సర్లు ఆ లెక్కకి తోడు. ట్రాకింగ్ అంటే ఇదే. తెలుగులో జాడ పట్టడం అంటే చాలు, వేటగాళ్ల మాటైనా సరిగ్గా అతుకుతుంది. చేతిలోని కంట్రోలర్ల జాడ మాత్రం వేరే దారి. ఈ రకంలో వాటి వలయంలో ఇన్‌ఫ్రారెడ్ దీపాలుంటాయి, టీవీ రిమోట్‌లో ఉన్నట్టే. మన కంటికి కనబడవు, కెమెరాలకి కనబడతాయి. చెయ్యి వీపు వెనక్కి పోతే కెమెరాకి అందదు. కాసేపు సెన్సర్ల అంచనాతో నడిచి ఆపైన తప్పుతుంది. అది చెడిపోవడం కాదు.

కాబట్టి ఏం విప్పకముందే ఒకటి చూసుకోవాలి: జారుతున్నది చుట్టూ ఉన్న లోకమా, చెయ్యి ఒక్కటేనా? లోకం జారితే గదిని చూడటంలో తప్పు. చెయ్యి ఒక్కటే ఎగిరితే కంట్రోలర్ దగ్గరో, దాని దీపాల్ని పోలిన ఇంకో వెలుగు దగ్గరో తప్పు.

మాది చెయ్యే. నేను బ్యాటరీ అనుకున్నాను. కుడిది ఎడమకి, ఎడమది కుడికి మార్చాం. తప్పు బ్యాటరీతో పాటు ఎడమకి పోలేదు, కుడిలోనే నిలిచింది. మరి పగలు బాగుండి సాయంత్రమే ఎందుకు ఇలా? అన్నకి కుడివైపు బీరువా అద్దం, ఎదురుగా దేవుడి పటాల చుట్టూ సీరియల్ లైట్లు. చుక్కల్లాంటి ఆ వెలుగులు, అద్దంలో వాటి నీడలు, కంట్రోలర్ దీపాల నీడ కూడా, అన్నీ కలిసి కెమెరాని తికమక పెడుతున్నాయి. అద్దం మీద దుప్పటి కప్పాను. లైట్లు ఆపబోతే అమ్మ ఊరుకోలేదు. “శుక్రవారం పూట ఆపుతావా? కావాలంటే దీపం వెలిగిస్తా” అంది. నూనెదీపం మంటలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుందని అమ్మకి చెప్పే ధైర్యం నాకు లేదు. అన్ననే వెనక్కి తిప్పి నిలబెట్టాను.

చెయ్యి కుదిరింది. ఇప్పుడు లోకం జారడం మొదలైంది! ఆ వైపు గోడకి కొత్తగా సున్నం వేశారు, ఒక్క మేకు కూడా లేదు. కెమెరాకి పట్టుకోవడానికి గుర్తేదీ లేదన్నమాట. పాత క్యాలెండర్లు నాలుగు ఎత్తుపల్లాలుగా అంటించాం, గచ్చు మీద నేను ఒక ముగ్గు వేశాను. దానితో లోకం కూడా నిలబడింది. ముగ్గు ఇందుకు కూడా పనికొస్తుందని తెలిసి అమ్మ తెగ మురిసిపోయింది.

ఇంకో రెండు మాటలు. మన కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాలో 60. పాత చోక్ ట్యూబ్‌లైటు మనకి తెలియకుండా సెకనుకి 100 సార్లు మినుకుతుంది, కెమెరాకి అది తెలుస్తుంది. క్వెస్ట్ సెట్టింగుల్లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీ అని ఉంటుంది. 60 మీద ఉంటే 50కి మార్చుకోవాలి. మరీ చీకట్లో గుర్తులు కనబడవు. అలాగని కిటికీ ఎండలో హెడ్‌సెట్ పెట్టకండి: లోపలి లెన్సు భూతద్దంలా ఎండని తెర మీద కూడగట్టి కాల్చేస్తుంది. ఆ మచ్చ ఇక పోదు. కెమెరాల మీది జిడ్డుని పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

ఆ రాత్రి అన్న గీసిన గీత మూడోసారికి తిన్నగా వచ్చింది. హెడ్‌సెట్ తీసి, చెయ్యి ముందుకు చాచి కాసేపు దాన్నే చూసుకున్నాడు. “ఇంకోసారి పెట్టు” అన్నాడు.