'మా' అనే చిన్న మాట



ఉదయం లేచింది మొదలు రాత్రి పడుకునే వరకు మనం ఎన్నిసార్లు పలుకుతామో లెక్కపెట్టలేని మాట ఒకటుంది. అది ఒకే ఒక్క అక్షరం: 'మా'. మా ఊరు, మా ఇల్లు, మా ఆయన, మా చేను. ఇంత చిన్న మాటకు ఒక పాఠమా అని తేలికగా తీసుకోకండి. దీనిని సరిగా గ్రహిస్తే రోజూ ఇంటిల్లిపాదీ కలసి చెప్పుకునే పరలోక జపం మరికొంత లోతుగా అర్థమవుతుంది. తోటివారితో మనం మాట్లాడే తీరు కూడా కొంత మారుతుంది.

మన ఇరుగుపొరుగు

ముందు మన చుట్టుపక్కల చూద్దాం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న వేరువేరు జిల్లాలయ్యాయి. అంతకు ముందు ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం వరంగల్ జిల్లాలోనే ఉండేది. ఇక్కడ తెలుగు ఒక్కటే కాదు, పట్టణాల్లో ఉర్దూ, తండాల్లో లంబాడీ, అడవి పల్లెల్లో కోయ మాట వినిపిస్తాయి.

'మా' అనే శబ్దాన్ని కాస్త ముక్కుతో పలికితే ఉర్దూలోను హిందీలోను 'తల్లి' అని అర్థం. తండాలో తల్లిని అలా అనరు, 'యాడి' అంటారు. లంబాడీలో 'మారో' అంటే 'నా' అని. తండా పిల్లవాడు 'మారో నామ్' అంటే 'నా పేరు' అని చెబుతున్నాడన్నమాట. తెలుగు చెవికి మొదట 'మా' అని వినబడుతుంది కాని, ఆ పిల్లవాడు చెప్పేది తన ఒక్కడి సంగతి. బడిలో తోటి పిల్లలు ఆ మాట విని నవ్వితే వాడు మరునాడు నోరు విప్పడు. వాడు తప్పు మాట్లాడలేదు, తన తల్లి నేర్పిన మాటే మాట్లాడాడు.

2011 జనాభా లెక్కల్లో 32 లక్షలకు పైగా ప్రజలు లంబాడీని తమ మాతృభాషగా చెప్పుకున్నారు. అయినా ఆ లెక్కల్లో దానిని హిందీ కింద చేర్చి చూపారు. కోయ భాషను అలా కలపలేదు. అది తెలుగులాగే ద్రావిడ కుటుంబానికి చెందినది, గోండికి దగ్గరి చుట్టం.

దూరపు నేలల్లో

ఇక కొంచెం దూరం వెళదాం. సంస్కృతంలో 'మా' అంటే 'వద్దు, కూడదు'. క్రౌంచపక్షిని కొట్టిన బోయవాణ్ణి చూసి వాల్మీకి పలికినట్టు రామాయణం చెప్పే శ్లోకం ఈ 'మా'తోనే మొదలవుతుంది. అదే సంస్కృతంలో 'మా' అంటే లక్ష్మి అని మరో అర్థం కూడా ఉంది. తమిళంలో 'మా' అంటే మామిడి. గొప్పది, పెద్దది అనే అర్థం కూడా ఉంది. తెలుగులో మనం 'మా గొప్పగా చెప్పావు' అన్నప్పుడు ఇలాంటి అర్థమే ధ్వనిస్తుంది.

వరంగల్ మేత్రాసనం 1952లో ఏర్పడింది. దాని మొదటి పీఠాధిపతి ఆల్ఫోన్సో బెరెట్టాగారు ఇటలీ దేశస్థులు, పీమే మిషనరీ సభకు చెందినవారు. వారి ఇటాలియను భాషలో 'మా' అంటే 'కాని'. పక్కనున్న ఫ్రెంచి భాషలో స్త్రీలింగ పదాల ముందు 'మా' అంటే 'నా'. అరబ్బీలో 'మా' అంటే 'ఏమిటి' అని, సందర్భాన్ని బట్టి 'కాదు' అని కూడా. ఫిన్లాండు ప్రజల భాషలో 'మా' అంటే నేల, దేశం. చీనా భాషలోనైతే స్వరం మారితే అర్థమే మారిపోతుంది. ఒక స్వరంలో పలికితే తల్లి, ఇంకో స్వరంలో జనపనార వంటి నార మొక్క, మరో స్వరంలో గుర్రం, వేరొక స్వరంలో తిట్టడం. వాక్యం చివర తేలికగా పలికితే అది ప్రశ్న!

అర్థం ఎక్కడ ఉంది?

శబ్దం ఒక్కటే అయినప్పుడు ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి? ఈ ప్రశ్న చాలా పాతది. మాటలు అందరికీ ఒకటి కావని, అవి మనుషుల మధ్య ఒడంబడిక వల్లనే అర్థాన్ని పొందుతాయని క్రీస్తుకు పూర్వమే గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ చెప్పాడు. శబ్దానికీ అర్థానికీ మధ్య ప్రకృతి వేసిన ముడి ఏదీ లేదని స్విట్జర్లాండుకు చెందిన సొస్యూర్ బోధించాడు. ఆయన పాఠాలు ఆయన మరణానంతరం 1916లో పుస్తకంగా వచ్చాయి.

పునీత అగుస్తీనుగారు 389 ప్రాంతంలో, తన కుమారుడు అదెయొదాతుతో సంభాషణ రూపంలో, బోధకుని గురించి ఒక గ్రంథం రాశారు. మాట ఒక గుర్తు మాత్రమేనని, ఆ గుర్తు దేనిని చూపుతున్నదో ముందే తెలియనివానికి అది ఏమీ నేర్పలేదని అందులో వివరించారు. చెయ్యి ఎత్తి చూపే వేలు వంటిది మాట. వేలినే చూస్తూ కూర్చుంటే వస్తువు కనబడదు.

అయితే చాలా భాషల్లో తల్లిని పిలిచే మాటలో 'మ' ఎందుకుంది? పాలు తాగే పసిబిడ్డ పెదవులు మూసి ముక్కుతో చేసే ధ్వనే దానికి మూలమని భాషాశాస్త్రవేత్త రోమన్ యాకొబ్సన్ వివరించాడు. కాని అది కూడా అన్ని చోట్లా వర్తించే నియమం కాదు. జార్జియా దేశంలో 'మామా' అంటే తండ్రి! తల్లిని 'దెదా' అంటారు. అక్కడి క్రైస్తవులు పరలోక జపాన్ని 'మామా' అనే మాటకు సంబోధన రూపంతోనే మొదలుపెడతారు. మన తెలుగువారు వింటే ఎవరో మేనమామను పిలుస్తున్నారనుకుంటారు. దేవుడు మాత్రం పొరబడడు.

తెలుగులో ఉన్న వరం

ఇప్పుడు మన తెలుగు 'మా' దగ్గరకు వద్దాం. మన భాషలో ఒక విశేషముంది. 'మేము' వేరు, 'మనం' వేరు. 'మా' వేరు, 'మన' వేరు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే 'మన', బయట ఉంచితే 'మా'. తమిళంలో, మలయాళంలో కూడా ఈ తేడా ఉంది. ఈనాటి కన్నడలో అది పోయింది. హిందీలో, ఉర్దూలో, ఇంగ్లీషులో, లత్తీనులో, గ్రీకులో, హీబ్రూలో రెండింటికీ ఒకే మాట.

అందువల్ల పవిత్ర గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చేవారికి అడుగడుగునా ఒక నిర్ణయం తప్పదు. మార్కు సువార్త నాలుగవ అధ్యాయంలో తుఫాను సమయాన శిష్యులు నిద్రిస్తున్న యేసును లేపి, నశించిపోతున్నామని మొరపెట్టుకుంటారు. ఎవరు నశిస్తున్నారు? 'మేము' అంటే, మా ప్రాణాలు పోతుంటే నీకు పట్టదా అనే నిష్ఠూరం. 'మనం' అంటే, నీవూ మాతోపాటు మునుగుతున్నావు అనే భయం. గ్రీకు మాట రెండింటికీ చోటిస్తుంది. తెలుగు ఇవ్వదు.

లూకా సువార్త ఏడవ అధ్యాయంలో శతాధిపతి తరఫున యూదుల పెద్దలు యేసుతో మాట్లాడతారు. అతడు తమ జాతిని ప్రేమిస్తున్నాడని, ప్రార్థనా మందిరం కట్టించాడని చెబుతారు. యేసు కూడా యూదుడే. కాబట్టి తెలుగులో అది 'మన జాతి' కావాలి. 'మా జాతి' అని రాస్తే యేసును పరాయివాణ్ణి చేసినట్టే. చూశారా, ఒక్క అక్షరం ఎంత పని చేస్తుందో!

పరలోక జపంలో 'మా'

1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన దైవార్చన పత్రం పూజలో ప్రజల భాషలకు తలుపు తెరిచింది. అంతవరకు పూజలో లత్తీనులో చెప్పే పరలోక జపంలో 'నోస్తెర్' అనే మాట ఉండేది. అది 'మా'కూ సరిపోతుంది, 'మన'కూ సరిపోతుంది. తెలుగులో మాత్రం 'మా' అనే అంటాం, 'మన' అనలేము. ఎందుకంటే ఆ మాట వింటున్నవాడు దేవుడే. ఆయనకు ఆయనే తండ్రి కాడు కదా! మంగళవార్త జపంలోనూ ఇంతే. మరియతల్లితో 'మా కొరకు' అని వేడుకుంటాం. గురువు కూడా సర్వేశ్వరునితో పలికేటప్పుడు 'మా ప్రభువు' అని, ప్రజలతో పలికేటప్పుడు 'మన ప్రభువు' అని అంటాడు.

ఇప్పుడు జాగ్రత్తగా ఆలోచించండి. 'మా' అనే మాట ఎవరిని బయట ఉంచుతుంది? వినేవాణ్ణి. పరలోక జపంలో వినేవాడు దేవుడొక్కడే. మరి మిగిలినవారందరూ ఏ వైపున ఉన్నట్టు? ఈ వైపునే, 'మా' లోపలే. నా పక్కన మోకరించినవాడు, గుడి వెనుక గోడకు ఆనుకుని నిలబడినవాడు, నిన్ననే తండా నుంచి వచ్చి జ్ఞానస్నానం పొందినవాడు, నాతో మాటలు మానేసినవాడు, అందరూ ఆ ఒక్క అక్షరంలో నాతోపాటే ఉన్నారు. ఒంటరిగా గదిలో తలుపు వేసుకుని ప్రార్థించినా 'నా తండ్రీ' అనం, 'మా' అనే అంటాం. వారిలో ఒక్కరిని పక్కకు నెట్టినా ఆ జపంలో మొదటి మాటే అబద్ధమవుతుంది.

గుడి బయటకు వచ్చాక ఏమవుతున్నది? అదే 'మా' ఇంకో పని చేస్తున్నది. "ఇది మా గుడి, మా తాతలు రాళ్లు మోసి కట్టింది" అని కొత్తగా వచ్చిన కుటుంబంతో అంటాం. "ఇది మా సమాధుల దొడ్డి, మీవాళ్లకు అటువైపు స్థలముంది" అంటాం. "పండుగ ఊరేగింపు మా వాడ మీదుగానే పోవాలి" అని పట్టుబడతాం. అక్కడ వినేవాడు దేవుడు కాదు, తోటి విశ్వాసి. 'మా' అనగానే మన వ్యాకరణమే వాణ్ణి బయట నిలబెడుతుంది. తిట్టనక్కర లేదు, తోయనక్కర లేదు. ఆ ఒక్క అక్షరం చాలు, వాడు చెప్పులు తొడుక్కుని వెళ్లిపోతాడు. మరుసటి ఆదివారం రాడు. ఎందుకు రాలేదో మనకు తెలియనే తెలియదు.

'మా' చెడ్డ మాట అని నేను అనడం లేదు. మా అమ్మ, మా ఊరు అనుకోవడంలో తప్పు లేదు. అది మనిషి వేరు. అయితే ఎదురుగా ఉన్నవానికి కూడా హక్కున్న చోట, గుడి దగ్గర, సమాధుల దగ్గర, బడి దగ్గర, నీళ్ల దగ్గర 'మన' అనే మాట మన భాషలో సిద్ధంగా ఉంది. ఇంగ్లీషువారికి ఆ అవకాశం లేదు. ఎదుటివాణ్ణి కలుపుకున్నారో లేదో వారి మాటను బట్టి తెలియదు. మనకు తెలుస్తుంది, వినేవానికీ తెలుస్తుంది. కాబట్టి మన బాధ్యత మరింత పెద్దది.

ఇంట్లో కలసి ఆలోచించడానికి

1. ఈ వారంలో మనం ఎవరితో 'మా' అన్నాము? అక్కడ 'మన' అని ఉంటే వారికి ఎలా ఉండేది?

2. మన వాడలో, మన విచారణలో వేరే భాష ఇంటి మాటగా ఉన్న కుటుంబాలు ఏవి? తల్లిని, తండ్రిని వారు ఏమని పిలుస్తారో పిల్లలు వారినే అడిగి నేర్చుకుని రావాలి.

3. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో పరలోక జపం మొదటి మాట పలికాక ఒక్క క్షణం ఆగండి. ఆ 'మా'లో చేర్చడానికి మనసొప్పని మనిషి పేరు మీలో మీరే తలచుకుని, ఆ తరువాత మిగిలిన జపం చెప్పండి.