ఉప్పు చూసే నాలుకకు ఒక సెలవురోజు

షిర్డీ వెళ్లొచ్చిన వాళ్లెవరిని కదిపినా నాకు వినిపించే మాట ఒకటే. "శని శింగణాపూర్ చూశాం, త్ర్యంబకం చూశాం, ఇంక టైమెక్కడిదమ్మా!" నాసిక్ మీదుగానే పోతారు, నాసిక్‌లో మాత్రం ఆగరు. ఆగినా పంచవటి, సీత గుహ చుట్టేసి, దిగిన ఆటోలోనే మళ్లీ ఎక్కేస్తారు. ఈసారి వెళ్తే ఆ ఊళ్లో ఒక్క రోజు అదనంగా పెట్టుకోండి. ఆ రోజు గుడి లేదు, క్యూ లేదు, ఎవరి టిఫిన్ డబ్బా సర్దే పనీ లేదు. పొద్దున మిసళ్, మధ్యాహ్నం ద్రాక్ష తోట, సాయంత్రం నీళ్ల ఒడ్డున కాసేపు. మధ్యలో, ఇష్టమున్న వాళ్లకు, నాలుగు గుక్కల వైన్.

"రామ రామ, మన ముచ్చట్లలోకి వైనెందుకొచ్చింది" అని పేజీ తిప్పబోతున్నారు కదూ! కాస్త ఆగండి. తాగమని చెప్పడానికి రాలేదు నేను. మా గుంపులోనూ ముట్టని వాళ్లున్నారు. మా తోటికోడలు రోజంతా ద్రాక్షరసం గ్లాసుతోనే తిరిగింది, అందరికంటే ఎక్కువ కబుర్లు చెప్పింది కూడా ఆవిడే. నేను చెప్పాలనుకున్నది నాలుక సంగతి. అది తర్వాత. ముందు ఊరు చూద్దాం.

త్ర్యంబకం దగ్గర బ్రహ్మగిరి మీద పుట్టిన గోదారి నాసిక్ ఊళ్లోకి రాకముందే గంగాపూర్ దగ్గర ఒక మట్టికట్ట వెనక ఆగుతుంది. రాజమండ్రిలో అవతలి ఒడ్డు కనపడనంత విశాలంగా చూసిన గోదారిని అక్కడ చూస్తే నవ్వొస్తుంది, చంటిపిల్లలా ఉంటుంది. ఆ జలాశయం చుట్టుపక్కల నేలలోనే ఈ ద్రాక్ష తోటలు. అంటే మీరు రుచి చూసే ఆ గుక్కలోనూ గోదారి నీళ్లే ఉన్నాయన్నమాట. ఈ లెక్క చెప్పాకే మా పెద్దాడపడుచు కాస్త మెత్తబడి కారెక్కింది.

నాసిక్ ద్రాక్ష పాత సంగతే, వైన్ కొత్త. కాలిఫోర్నియాలో ఒరాకిల్ ఉద్యోగం వదిలేసి వచ్చిన రాజీవ్ సామంత్ అనే ఆయన, ఇక్కడి కుటుంబ భూమిలో వైన్ ద్రాక్ష వేసి చూశాడు. వాళ్లమ్మ పేరు సులభ. ఆ పేరులోంచే 'సులా' పుట్టింది. మొదటి సీసాలు 2000లో బయటికొచ్చాయి. మరుసటేడు మహారాష్ట్ర ప్రభుత్వం వైన్‌కు ఒక విధానమే తెచ్చింది. 2005లో సులా వాళ్లు తోటలోనే రుచి చూసే గది తెరిచారు. ఇప్పుడు నాసిక్ చుట్టూ, దిండోరి వైపు, ఇగత్‌పురి వైపు చిన్నవీ పెద్దవీ వైనరీలు బోలెడు. సులాకు వెళ్తే జనం, హడావిడి, ఫొటోలు. చిన్న చోటికి వెళ్తే వైన్ చేసే మనిషే వచ్చి పక్కన నిలబడి మాట్లాడే వీలుంటుంది. నన్నడిగితే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది చాలు. ఒకే రోజు నాలుగైదు చోట్లు తిరుగుతామనే వాళ్లతో నేను రాను. మధ్యాహ్నానికి నాలుక మొద్దుబారిపోతుంది, ఆపై ఏది పోసినా ఒకటే.

పొద్దున మిసళ్ తినకుండా నాసిక్ చూశామనడం దండగ. మొలకెత్తిన మట్కీ గింజలతో చేసిన ఉసల్ కూర, దాని మీద కరకరలాడే ఫర్సాణ్, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్క, పక్కన పావ్, పెరుగు, అప్పడం. విడిగా ఒక గిన్నెలో నూనె తేలుతున్న ఎర్రటి తర్రీ ఇస్తారు. గంగాపూర్ రోడ్డు వైపు కట్టెల పొయ్యి మీద వండే చోట్లున్నాయి, ఆ పొగ వాసన ఉసల్‌కు పట్టి ఉంటుంది. ఆంధ్రావాళ్లం కదా, తర్రీ చూడగానే "ఇదేం కారం" అని గుమ్మరించుకోబోతాం. ఆ రోజుకు మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోండి. కారానికి మండిన నాలుక మీద వైన్ పడితే ఇంకా మండుతుంది తప్ప రుచి తెలియదు. మిసళ్‌కూ వైన్‌కూ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండనివ్వండి.

ఆ ఎడంలో తోటలో నడవాలి. హైదరాబాద్ వాళ్లకు ద్రాక్ష పందిళ్లు కొత్త కాదు. అనాబ్-ఎ-షాహీ మన దగ్గర పేరు తెచ్చుకున్న ద్రాక్షే కదా. శామీర్‌పేట, మేడ్చల్ దారుల్లో పందిరి కింద నిలబడి గుత్తులు కోయించుకున్న రోజులు మా వయసు వాళ్లకు గుర్తే. ఆ నేలల్లో ఇప్పుడు వెంచర్ల బోర్డులున్నాయి. సరే, ఆ ఏడుపు ఇంకోసారి.

వైన్ తోట చూడ్డానికి వేరుగా ఉంటుంది. తలపైన పందిరి ఉండదు, తీగలను వరసగా ఇనుప తీగెల కంచెకు కట్టి నిలబెడతారు. పండు చిన్నది, తొక్క మందం, లోపల గింజలు. నోట్లో వేసుకుంటే తియ్యదనం ఉంటుంది, వెంటనే తొక్క వగరు తగులుతుంది. చలిదేశాల్లో ద్రాక్ష తీగ శీతాకాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుందట. మన వేడికి దానికి నిద్రెక్కడిది! అందుకని రైతే ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాడు. ఎండాకాలం మొదట్లో కొమ్మ కోసం, సెప్టెంబరు అక్టోబరుల్లో కాయ కోసం. కోతలు జనవరి నుంచి మార్చి దాకా. అదీ చల్లటి తెల్లవారుజామున కోస్తారు, పొద్దెక్కితే పండు వేడెక్కి బుట్టలోనే పులియడం మొదలవుతుంది కాబట్టి. కోతల రోజుల్లో వెళ్తే తొట్టిలో ద్రాక్ష పోసి కాళ్లతో తొక్కనిస్తారు కొన్ని చోట్ల. అది సరదాకే, మనం తొక్కింది సీసాలోకి పోదు. మా ఆడపడుచు ఈ మాట ముందు రూఢి చేసుకుని, ఆ తర్వాతే చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి తొట్టిలో దిగింది.

లోపల పెద్ద పెద్ద స్టీలు ట్యాంకులు. చూపించే అమ్మాయి చెప్పింది వింటే ఇంట్లో దోసెల పిండి పులియబెట్టే మనకు కొత్తగా అర్థం కావలసిందేమీ లేదు. ఈస్టు చక్కెరను తినేస్తుంది, ఆల్కహాల్ మిగులుతుంది, గ్యాసు పోతుంది. నల్ల ద్రాక్ష పిండినా చాలా రకాల్లో రసం తెల్లగానే ఉంటుంది, రంగంతా తొక్కది. తొక్కతో కలిపి పులియబెడితే రెడ్, కాసేపు ఉంచి తీసేస్తే గులాబీరంగు, అసలు ఉంచకపోతే వైట్. ఆ తొక్కలోంచే వగరు కూడా వస్తుంది. నురగలొచ్చే రకానికి సీసాలోనే రెండోసారి పులియనిచ్చి, ఆ గ్యాసును బయటికి పోనివ్వరు.

ఇప్పుడు బల్ల దగ్గరికొద్దాం. ఒక్కో గ్లాసులో రెండు మూడు చెంచాలకు కాస్త ఎక్కువ పోస్తారు, అంతే. ముందు నురగది, తర్వాత వైట్, ఆపై రెడ్, చివర తియ్యటిది. గ్లాసు కాడ పట్టుకోమంటారు, అరచేతి వేడి తగలకుండా. తిప్పమంటారు, వాసన చూడమంటారు, గుక్కను నోరంతా తిప్పమంటారు. పక్కన ఒక బకెట్టు పెడతారు. ఉమ్మేయొచ్చు, మిగిలింది పారబోయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. మన ఇళ్లల్లో గ్లాసులో మిగిల్చితే అమ్మ తిడుతుందని నేర్చుకున్న వాళ్లం కదా, ఆ బకెట్టు వైపు చెయ్యి వెళ్లడానికి మాకు చాలాసేపు పట్టింది.

సోవిన్యో బ్లాంక్ అనే వైట్ పోసి ఆ అమ్మాయి "గూస్‌బెర్రీ, గ్రీన్ క్యాప్సికం, పాషన్ ఫ్రూట్ తెలుస్తున్నాయా మేడమ్" అంది. అందరం తలలూపాం. బయటికి మాత్రం ఎవరూ పలకలేదు. చివరికి మా వదిన మెల్లగా, "అమ్మాయ్, నాకైతే దోర జామకాయ వాసనొస్తోంది, తప్పేమో" అంది. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. జామ వాసన ఈ రకంలో నిజంగానే ఉంటుందట. ఇంక చూడాలి మా వాళ్లను! షిరాజ్ అనే రెడ్‌లో ఒకరికి మిరియాలు తగిలాయి, ఇంకొకరికి నేరేడు పండు. ఏదో ఒక గ్లాసుకు "పాత బీరువా తెరిచినట్టుంది" అని కూడా వచ్చింది. ఓక్ పీపాల్లో నిలవ ఉంచింది కదా, అదీ తప్పు కాదు.

అక్కడే నాకు తట్టిందమ్మా. వైన్ గురించి నేర్చుకోవాలని మగవాళ్లు పుస్తకాలు చదువుతారు, కోర్సులు చేస్తారు. మనకు ఆ చదువు పొయ్యి దగ్గరే అయిపోయింది. పులుసు మరుగుతుంటే ఆవిరిని బట్టి ఉప్పు తక్కువని చెప్పేస్తాం. చింతపండు కొత్తదో పాతదో, ఇంగువ ఏ కొట్టుదో, పాలు ఏ పూటవో వాసనతో తేల్చేస్తాం. కానీ ఇన్నేళ్లూ ఆ నాలుకను ఎవరి కోసం వాడాం? మామగారికి ఉప్పు తగ్గించాలి, ఆయనకు పులుపు పడదు, చిన్నదానికి కారం వద్దు. మనకేది ఇష్టమో ఎవరూ అడగలేదు, నిజం చెప్పాలంటే మనమూ చెప్పలేదు. "ఏదైనా ఫరవాలేదు" అనడం ఎంత అలవాటైపోయిందంటే, ఆ బల్ల దగ్గర "మీకు వీటిల్లో ఏది నచ్చింది మేడమ్" అని అడిగితే మా పెద్దాడపడుచు మా అందరి మొహాలూ చూసింది. తర్వాత, "నాకివేవీ నచ్చలేదు, ఆ చివరి తియ్యటిది ఇంకో గుక్క పొయ్యమ్మా" అంది. ఆవిడ నోట "నాకు నచ్చలేదు" అనే మాట నేను వినడం అరుదు.

మధ్యాహ్నం భోజనానికి వైనరీల్లో పిజ్జా, పాస్తా దొరుకుతాయి. నేను వాటి జోలికి పోను. కాస్త దూరం పోతే పల్లె ఇళ్లలాంటి భోజనశాలల్లో శనగపిండి పిఠ్లా, జొన్న భాకరీ, పచ్చిమిర్చి ఠేచా పెడతారు. చలికాలమైతే పొలాల్లో హుర్డా ఉంటుంది. పాలకంకి జొన్నలు నిప్పుల మీద కాల్చి, చేత్తో నలిపి, బెల్లంతోనో పల్లీ చట్నీతోనో వేడివేడిగా ఇస్తారు. మన ఊచబియ్యమే. నాకా రోజుల్లో ఒక గ్లాసు వైన్, ఒక గుప్పెడు హుర్డా ఎదురుగా పెట్టి ఒకటే తీసుకోమంటే ఆలోచించకుండా హుర్డా వైపే వెళ్తాను.

మన వంటలతో ఏది కుదురుతుందని చాలామంది అడుగుతారు. అక్కడ నేర్చుకున్నదీ ఇంట్లో చూసుకున్నదీ కలిపి చెబుతున్నాను. కారం ఎక్కువైతే ఆల్కహాల్ మంట రెట్టింపవుతుంది, వగరున్న రెడ్ చేదెక్కుతుంది. కాబట్టి మన కూరలకు కాస్త తీపి అంటిన షెనిన్ బ్లాంక్ అనే వైట్ నయం, బాగా చల్లగా ఉండాలి. గోంగూరకు సోవిన్యో బ్లాంక్ పెట్టి చూడండి, వంట పులుపుకు సరితూగే పులుపు గ్లాసులోనూ ఉండాలి, లేకపోతే వైన్ నీళ్లలా చప్పబడిపోతుంది. బజ్జీలు, పునుగుల వంటి నూనె సరుకుకు నురగది భలేగా ఉంటుంది. వగరున్న రెడ్‌కు కొవ్వున్న మాంసం కావాలి, కారం తగ్గించిన మటన్ వేపుడు సరిపోతుంది. ఆవకాయ పక్కన మాత్రం ఏ దేశపు సీసా తెచ్చిపెట్టినా ఓడిపోతుంది. ఆవకాయకు మజ్జిగే.

వెళ్లే ముందు నాలుగు మాటలు. షిర్డీ దర్శనం ముందు పెట్టుకోండి, ఇది తర్వాత, మనసులో పీకులాట ఉండదు. షిర్డీ నుంచి నాసిక్ తొంభై కిలోమీటర్ల లెక్క. హైదరాబాద్ నుంచి నేరుగా అయితే దేవగిరి ఎక్స్‌ప్రెస్ నాసిక్ రోడ్‌లో ఆగుతుంది. శని ఆదివారాల్లో ముంబయి, పుణె కుర్రకారంతా అక్కడే ఉంటుంది, మధ్యవారంలో వెళ్తే కూర్చోడానికి చోటు, మాట్లాడ్డానికి మనిషి దొరుకుతారు. టేస్టింగ్ ముందే బుక్ చేసుకోండి. డ్రైవరున్న కారు మాట్లాడుకోండి, "రెండు గుక్కలే కదా" అని స్టీరింగు ఎవరూ పట్టుకోవద్దు. కడుపుతో ఉన్నవాళ్లు, బీపీకో షుగరుకో మందులు వేసుకునే వాళ్లు ద్రాక్షరసంతో ఆగండి, పరువేమీ పోదు. గ్లాసుకో గ్లాసు మంచినీళ్లు తప్పనిసరి.

సాయంత్రం జలాశయం ఒడ్డుకు మాత్రం తప్పకుండా వెళ్లండి. మేం వెళ్లాం. అక్కడ ఏం మాట్లాడుకున్నామో రాయను. అత్తగారి నగల దగ్గర మొదలై ఎక్కడెక్కడికో పోయింది సంగతి.

సీసాలు తెచ్చుకోవాలనుకుంటే ముందు ఎక్సైజ్ నియమాలు కనుక్కోండి. రాష్ట్రం దాటించడం ప్రతిచోటా ఒకలా ఉండదు, పెట్టె విప్పించుకుని రైల్వే స్టేషన్లో తలదించుకోవడం మనకెందుకు. దానికి బదులు ఎండుద్రాక్ష కొనుక్కోండి, నల్లది, గింజలున్నది. రాత్రి నానబెట్టి పొద్దున తింటే మంచిదని పెద్దవాళ్లూ మెచ్చుకుంటారు. "నాసిక్ నుంచి ఏం తెచ్చావమ్మా" అని ఇంట్లో అడిగితే ఆ పొట్లం ముందు పెట్టండి. జామకాయ వాసన సంగతి మనం మనం మాట్లాడుకుందాం.