సముద్రమే ప్రయోగశాల

ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్లలు సముద్ర జీవావరణం పాఠాన్ని బట్టీ పడుతున్నారు. మనసుకు పట్టేలా ఎలా చెప్పాలి?
– ఓ ఉపాధ్యాయిని, విశాఖపట్నం

జవాబు: మీ ఊళ్లో సముద్రం ఉండగా బట్టీ ఎందుకండీ! అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటు సమయంలో నీరు బాగా వెనక్కి తగ్గుతుంది. సరైన వేళ మత్స్యకారులను అడిగి, తెన్నేటి పార్కు వైపు రాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. నీటి గుంటలో పువ్వులా విచ్చుకున్న సీ అనిమోన్, నీరు తగ్గిన చోట ముద్దలా ముడుచుకుని ఉంటుంది. ఎందుకో ముందు పిల్లలనే ఊహించమనండి. ఒంట్లో తడి ఆరిపోకుండా ఆ ఏర్పాటు అని తర్వాత చెప్పండి. జీవులను పట్టుకోకూడదు, కదిపిన రాయిని మళ్లీ అలాగే పెట్టాలి. అలలపై కన్నేసి ఉంచడానికి మరో ఇద్దరు పెద్దలు తోడుండాలి.

జనవరి–మార్చి మధ్య ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో సుమారు 100 గుడ్లుంటాయి. రాత్రి గుడ్ల నుంచి బయటికొచ్చిన తాబేలు పిల్లలు వెలుతురు వైపు నడుస్తాయి. తీరంలోని దీపాలు వాటిని దారి తప్పిస్తాయి. తాబేళ్ల సంరక్షణ కేంద్రం చూపించేందుకు అటవీ శాఖ అనుమతి అడగండి.

తిరిగొచ్చేటప్పుడు ఒడ్డున చెత్త ఏరించి, రకాలవారీగా లెక్క రాయించండి. ఏటా అదే చోట, అదే నెలలో రాయిస్తే మీ బడికి సొంత రికార్డు తయారవుతుంది. ఈ నెలలోనే మొదలుపెట్టండి.