మార్కాపురం బనియనుతో గుల్మార్గ్ మంచులో

పోయిన జనవరిలో స్కీయింగ్ నేర్చుకోడానికి గుల్మార్గ్ వెళ్తుంటే మా అమ్మ బ్యాగులో సర్దినవి ఇవీ: నాలుగు నూలు బనియన్లు, రెండు జీన్స్ ప్యాంట్లు, మూడు జతల మందపాటి సాక్సులు, ఒక తువ్వాలు. "నూలు బట్టలైతేనే ఒంటికి మంచిది" అంది. మార్కాపురంలో ఆ మాట అక్షరాలా నిజం. మే నెల ఎండలో నూలు బనియను చెమటను పీల్చుకుంటుంది. ఆ తడి ఆరుతూ ఆరుతూ ఒంట్లో వేడిని పట్టుకుపోతుంది. ఒక గ్రాము చెమట ఆవిరవ్వాలంటే దాదాపు 2,400 జౌళ్ల వేడి కావాలి. మట్టికుండలో నీళ్లు చల్లబడేది కూడా ఈ లెక్కతోనే.

చిక్కెక్కడ వచ్చిందంటే, మైనస్ పది డిగ్రీల్లో కూడా బనియను ఇదే పని చేస్తుంది. దానికి ఊరు మారిందని తెలీదు కదా!

కొత్తవాళ్లను మొదట్లో కేబుల్ కారు ఎక్కించరు. చిన్న వాలు మీదికి స్కీలతోనే పక్కకి అడుగులేసుకుంటూ ఎక్కాలి, జారాలి, మళ్లీ ఎక్కాలి. రెండోరోజు నాలుగుసార్లు ఎక్కేసరికి జాకెట్ లోపల చెమటతో తడిసి ముద్దయ్యాను. తర్వాత నా వంతు కోసం ఇరవై నిమిషాలు వరసలో నిలబడ్డాను. అప్పుడు మొదలైంది వణుకు. గాలి కూడా లేచింది. ఎడమచేతి ఉంగరం వేలి కొస తెల్లగా, మైనంలా అయింది. నొప్పి లేదు, అసలు వేలుందనే తెలీలేదు. మాకు నేర్పించే కశ్మీరీ పెద్దాయన చూసి, ఏమీ మాట్లాడకుండా నా చెయ్యి తీసి నా చంకలోనే పెట్టించాడు. కాసేపటికి వేలు మండటం మొదలైంది. అలా మండితే మంచిదేనట, ప్రాణం తిరిగొస్తున్నట్టు.

ఆయన అడిగిన రెండో ప్రశ్న: "సాక్సులు ఎన్ని వేశావ్?" మూడు జతలన్నాను గొప్పగా. రెండు విప్పెయ్యమన్నాడు. ఎగతాళి అనుకున్నా. కాదు.

ఆ రాత్రి గదిలో కూర్చుని ఆలోచిస్తే, మన హీట్ ట్రాన్స్‌ఫర్ పుస్తకంలో ఉన్నదంతా నా ఒంటి మీదే జరిగిందని అర్థమైంది. బట్ట వేడి పుట్టించదు. వేడి పుట్టించేది మనమే. ఊరికే కూర్చున్న మనిషి ఓ వంద వాట్ల బల్బులాంటివాడు, వాలు ఎక్కేటప్పుడు దానికి ఐదారు రెట్లు. బట్ట చేసేదల్లా కదలని గాలిని ఒంటి చుట్టూ పట్టి ఉంచడం. కదలని గాలి ఉష్ణవాహకత మీటరు కెల్విన్‌కు 0.025 వాట్లు. నీళ్లది 0.6. అంటే బట్టలో గాలి ఉన్న చోట నీళ్లు చేరితే, ఆ చోట వేడి ఇరవై రెట్లకు పైగా సులువుగా బయటికి పోతుంది. బిగుతు సాక్సుల సంగతీ ఇదే. మూడు జతలు బూటులో కుక్కితే మధ్యలో గాలి నలిగిపోతుంది, పాదానికి రక్తం కూడా సరిగా రాదు. వేళ్లకు వేడి మోసుకొచ్చేది రక్తమే కాబట్టి, ఒక్క జత ఊలు సాక్సు, వేళ్లు కదిలేంత జాగా ఉంటే చాలు.

పలకల ఊరివాణ్ణి కాబట్టి ఇంకో ఉదాహరణ చెప్తా. చలికాలం పొద్దున పలక మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, పక్కనే ఉన్న చెక్క అలా అనదు. రెండూ ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నాయి, పలక వేడిని త్వరగా లాగేస్తుంది అంతే. అందుకే పడిపోయినప్పుడు మంచు మీదే కూర్చుని ఫొటోలు దిగకండి (నేను దిగాను).

ఇక వేసుకోవాల్సినవి. ఒంటికి ఆనుకునేది పాలిస్టరు గానీ సన్నని ఊలు గానీ. పాలిస్టరు దాదాపు నీళ్లు తాగదు, చెమటను పైపొరకు పంపేస్తుంది. దాని మీద ఫ్లీసు లేదా స్వెట్టరు, గాలిని పట్టి ఉంచడానికి. అన్నిటికన్నా పైన గాలి దూరని జాకెట్. దీన్ని తక్కువ చేయొద్దు. మైనస్ పది డిగ్రీల్లో గంటకు ముప్పై కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి అది మైనస్ ఇరవైలా ఉంటుంది. పైగా స్కీ మీద జారేటప్పుడు గాలి లేకపోయినా మనమే గాలి పుట్టించుకుంటాం. జిప్పులుండాలి, ఎక్కేముందు తెరిచి, ఆగగానే మూసెయ్యాలి. చెమట పట్టాక విప్పితే లాభం లేదు, పట్టకముందే విప్పాలి. నాకు అన్నిటికన్నా ఆలస్యంగా ఎక్కిన పాఠం ఇదే.

చేతుల విషయం మెకానికల్ వాళ్లకు వెంటనే తెలుస్తుంది. బైకు ఇంజను మీద ఫిన్నులు ఎందుకుంటాయి? వేడి బయటికి పోడానికి. మన వేళ్లు సరిగ్గా ఐదు ఫిన్నులు! విడివిడి వేళ్ల గ్లవ్స్ కన్నా నాలుగు వేళ్లూ ఒకే గూట్లో ఉండే మిట్టెన్లు వెచ్చగా ఉండేది అందుకే. అదీగాక సన్నని గుండ్రటి వస్తువుకు పొర మందం పెంచితే బయటి ఉపరితలమూ పెరుగుతుంది కాబట్టి, వేలి మీద ఊలు ఛాతీ మీద ఊలంత లాభమివ్వదు. క్రిటికల్ రేడియస్ అని చదివి పరీక్ష రాసి మర్చిపోయాం కదా, అదే.

ఊలు అంటే మా తాత గొంగళి గుర్తొస్తుంది. నల్లమల అంచున మందతో పాటు రాత్రిళ్లు పడుకునేటప్పుడు ఆయనకు అదే పరుపూ దుప్పటీ గొడుగూ. మా వైపు పెరిగే నెల్లూరు జాతి గొర్రెకు ఊలు రాదు, కాబట్టి గొంగళి బయట కొనాల్సిందే. ఊలు పోగు వంకరటింకరగా ఉండి గాలిని పట్టేస్తుంది, తన బరువులో దాదాపు మూడోవంతు తేమ పీల్చినా తడిగా అనిపించదు. జల్లు పడితే పైనుంచి జారిపోతుంది. కుచ్చుకుంటుందని చిన్నప్పుడు దాన్ని ముట్టుకునేవాణ్ణి కాదు.

ఎండదేశం వాళ్లకు మంచు చేతకాదనేం లేదు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఇద్దరూ గురుకుల విద్యార్థులే. భువనగిరి కొండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్, లద్దాఖ్‌లలో చలికి అలవాటు పడి వెళ్లారు. నేను మాత్రం తువ్వాలుతో వెళ్లా.

వేలు తెల్లబడి మొద్దుబారితే మంచుతో రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. మొద్దుబారిన వేలికి కాలుతున్నా తెలీదు మరి. చంకలో పెట్టాలి. అప్పటికీ స్పర్శ రాకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మందు తాగితే వెచ్చగా ఉంటుందని చెప్పే అన్నలు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. మందు చర్మం దగ్గరి రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది. వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం బయటికి పోతుంటుంది.

ఈ ఏడు వెళ్లాలనుకుంటున్న జూనియర్ ఒకడు మొన్న కొత్త థర్మల్స్ కొనుక్కొచ్చి చూపించాడు. మెత్తగా, మందంగా, బ్రహ్మాండంగా ఉన్నాయి. లోపల మెడ దగ్గర కుట్టిన చీటీ చదవమన్నాను. కాటన్ నూరు శాతం అని ఉంది. బిల్లు ఇంకా జేబులోనే ఉందట, సాయంత్రమే మార్చుకోడానికి బజారుకు పోయాడు.