మైనము పూసిన దారము

పాఠ్యభాగము: అపొ. కార్యములు 9:43, 10:1–28



విజయవాడ వన్ టౌన్ బజారునకు పోయినప్పుడు తెగిన చెప్పును కుట్టువాని చేతికిచ్చి, త్వరగా కుట్టుమని తొందరపెట్టి, కూలివద్ద బేరమాడి వచ్చువారము మనలో అనేకులము. ఆ చేతిపనిలో ఎంత నేర్పు ఉన్నదో ఈ నెల పాఠములో తెలిసికొందము.

తోలు గుడ్డవంటిది కాదు. గుడ్డలో సూది దిగిన చోట పోగులు మరల కలిసికొనును. తోలులో పడిన కన్నము పూడదు. గనుక పనివాడు ముందుగా గీత గీసి, ఎడము సమముగా చూచి, ఆరెతో పొడుచును. కన్నములు మరీ దగ్గరగా పడినయెడల తోలు ఆ గీతవెంబడి చినిగిపోవును. మరీ దూరమైనయెడల కుట్టు నోరు తెరచును.

తరువాత దారమును తేనెమైనపు ముద్దమీద రెండు మూడుసారులు లాగుదురు. మైనము పోగులను ఒకటిగా అంటించును, రాపిడిని తగ్గించును, నీటిని కొంతవరకు ఆపును, బిగించిన కుట్టు జారకుండ పట్టుకొనును. మన డెల్టా బురదలో తడిసి, ఎండలో ఆరు చెప్పునకు ఇది ఎంత అవసరమో మీకే తెలియును.

వీధిలో చెప్పులు బాగుచేయువారు అనేకులు కొక్కెపు మొనగల ఆరెతో దారమును లాగి త్వరగా కుట్టుదురు. బరువు మోయు పట్టీలకును సంచులకును రెండు సూదుల కుట్టు మేలు. కుట్టు పొడవునకు సుమారు నాలుగింతల దారము తీసికొని, రెండు కొనలకును సూదులు ఎక్కింతురు. ప్రతి కన్నములోను ఒక సూది ఇటునుండి అటు, రెండవది అటునుండి ఇటు పోవును. రెండు చేతులతో సమముగా బిగించి, చివర రెండు మూడు కన్నములు వెనుకకు కుట్టి దారము కోయుదురు. మిషను కుట్టులో ఒక దారము తెగిన ప్రక్క కుట్లును వదులగును. రెండు సూదుల కుట్టులో ఒక ప్రక్క తెగినను, రెండవ ప్రక్క పోగు అవే కన్నములలో నిలిచి పట్టుకొనును.

ఇంత నేర్పుగల పనివారిని లోకము దూరముగా నుంచెను. పచ్చి తోలును సున్నపు నీటిలో నానవేసి వెండ్రుకలు తీసి, లందలో తంగేడు చెక్కతో ఊరవేయుదురు. ఆ వాసనను, చచ్చిన పశువును ముట్టుటను నెపముగా పెట్టి, వారిని ఊరి వెలుపల నుంచిరి. చెప్పులు మాత్రము అందరును తొడిగిరి. యూదులలోను కళేబరమును ముట్టినవాడు సాయంకాలమువరకు అపవిత్రుడే (లేవీ. 11:39). అయినను పేతురు యొప్పేలో సముద్రపు దరినున్న చర్మకారుడైన సీమోను ఇంట అనేక దినములు బస చేసెను. ఏ మనుష్యుని అపవిత్రుడని యెంచకూడదను పాఠము ఆయనకు కలిగినది ఆ యింటి మిద్దెమీదనే.

మన దేశమందును ఇట్టిది జరిగెను. ఒంగోలునకు పడమటి గ్రామమున మాదిగ కుటుంబములో పుట్టిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారముమీద ఏలూరు వైపు వెళ్లి సువార్త వినెను. 1866లో జ్యూయెట్ దొరగారిచేత బాప్తిస్మము పొందెను. తన బంధువులకు బోధించెను. ఒంగోలు ప్రాంతపు సంఘములకు పునాది వేసినవారిలో ఆయన ఒకడు.

1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచేత అంటరానితనమును రద్దుచేసెను. చట్టము వాకిలి తెరచును. లోపలికి పిలువవలసినది మనమే. ఆరాధనలో ఒక చాపమీద కూర్చుండి, విందులో వేరు పంక్తి వేసికొని, పెండ్లి సంబంధము మాట వచ్చినప్పుడు పేట పేరు అడుగు సంఘము ఒక ప్రక్క మాత్రమే కుట్టిన తోలువంటిది. అది ఎంతకాలము నిలుచును?

ఆలోచించుటకు ప్రశ్నలు:

1. పేతురు ఇతర గృహములో బస చేసియుండినయెడల కొర్నేలీ మనుష్యులతో బయలుదేరుట ఆయనకు మరింత కష్టమై యుండునా?

2. మన సంఘములో చేతిపనివారు ఎవరెవరు? వారి పిల్లలు తండ్రి పనిని చెప్పుకొనుటకు సిగ్గుపడుచున్నయెడల, అందుకు కారకులెవరు?

3. ఈ నెలలో మనలో ఎవరు ఎవరి యింట భోజనము చేయగలము?